తెల్లవారుజామున బండి స్టార్ట్ కాకపోతే
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కూరగాయలు పండించే మనకు పాత డీజిల్ జీపు ఎద్దుతో సమానం. పుష్యమాసం చలిలో, రైతుబజారుకు సరుకెత్తిన వేళ అది మొరాయిస్తే టమాటా ధర మన చేయి దాటిపోతుంది. ఆ కంగారులో మెకానిక్ "బోరు పోయింది, ఇంజన్ దింపాలి" అంటే సరేననేస్తాం. నేనూ అన్నాను, అడ్వాన్సూ ఇచ్చాను. తర్వాత ఇంకొకాయన చూస్తే, పోయినవి డీజిల్ పైపు జాయింటు దగ్గర రెండు రాగి వాషర్లు! అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులో పడ్డ డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. చలిలో చల్లటి ఇనుము ఆ వేడిని లాగేస్తుంది. ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. వీటిలో మన బండికి వచ్చిన జబ్బు ఏదో ఇంజన్ విప్పకుండానే చాలావరకు తెలుస్తుంది.

సెల్ఫ్ కొడితే మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోందా? బ్యాటరీ చూడండి. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. మీటరు లేకపోతే, సెల్ఫ్ కొట్టి ఆపాక టెర్మినళ్లు, ఎర్త్ వైరు కొస తాకండి. వేడెక్కిన చోట పట్టు లేదన్నమాట. గీకి శుభ్రం చేసి బిగించండి.

బాగా తిరుగుతోంది, పొగే రావడం లేదు. అంటే డీజిల్ అందడం లేదు. చేతిపంపు పది సార్లు కొట్టగానే స్టార్ట్ అయితే, రాత్రి ఏదో జాయింటు గాలి పీల్చి డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది. నా బండిది ఇదే కథ. పైపులు, వాషర్లు, ఫిల్టరు చూడాలి.

డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తోందా? డీజిల్ వస్తోంది, అంటుకోవడం లేదు. హీటర్ ప్లగ్గులున్న బండి అయితే వాటి మీది తీగ విప్పండి. టెస్ట్ ల్యాంపు క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, మొనను ఒక్కో ప్లగ్గు కొసకు ఆనించండి. వెలగనిది కాలిపోయిన ప్లగ్గు. అన్నీ బాగుంటే ట్యాపెట్ల గ్యాపు చూపించండి.

ఆయిల్ తాగుతూ, బ్రీదర్ నుంచి పొగ ఎగజిమ్ముతుంటే మెకానిక్ మాట నిజమే కావచ్చు. అప్పుడు కూడా కంప్రెషన్ గేజి పెట్టి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం దేనికి, డబ్బు మనది!

గాలి ఫిల్టరులో పెట్రోలు చల్లడం, మండే గుడ్డ పెట్టడం మానండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్లో పెట్రోలు పేలి పిస్టన్లు, రింగులు విరగ్గొట్టగలదు. ఇంకొకటి, సెల్ఫ్ మోటారు దగ్గర స్క్రూడ్రైవరు ఆనించి స్టార్ట్ చేసే అలవాటు. గేరు పడి ఉంటే బండి ముందుకు దూకుతుంది, ముందు నిలబడ్డది మన పిల్లాడే కావచ్చు. కీ పనిచేయకపోతే స్విచ్ మార్పించండి.