కుడి నుంచి ఎడమకు - కంప్యూటర్‌లో మన ఉర్దూ అక్షరం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. ఉర్దూ గురించి తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని అనుకోకండి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం మా ఉస్తాద్ గారొకరికి వీడ్కోలు సభ చేశాం. రెండు రోజుల ముందే ఫ్లెక్సీ కట్టించాం. ఆయన వేదిక ఎక్కి, దాని వంక చూసి, కాసేపు మాట్లాడలేదు. ఆయన పేరు చివరి నుంచి మొదటికి ఉంది. అక్షరాలు తెగిన దండలో పూసల్లా విడివిడిగా పడి ఉన్నాయి. అక్షరం కలిపి రాయడం మా అందరికీ నేర్పిన మనిషి ఆయన. నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది. రెండు రోజులు అందరం దాన్ని చూశాం, నేనూ చూశాను. ఒక్కరమూ చదవలేదు!

ఫ్లెక్సీ చేసిన కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. అతనికి ఉర్దూ రాదు. అతని బొమ్మల సాఫ్ట్‌వేర్‌కు వచ్చినా, అందులో ఆ సదుపాయాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

సంగతేమిటంటే, మన లిపికి సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేయాలి. ఒకటి, కుడి నుంచి ఎడమకు నడపడం. మధ్యలో 1986 వంటి అంకె వస్తే దాన్ని మాత్రం ఎడమ నుంచే ఉంచడం. రెండు, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపం మార్చి కలపడం. యూదుల హీబ్రూ కూడా కుడి నుంచే నడుస్తుంది. కానీ అచ్చులో దాని అక్షరాలు కలవవు కనుక దానికి మొదటి పని చాలు. అరబీకి, ఉర్దూకు రెండూ కావాలి.

ఫోటోషాప్‌లో ఒకప్పుడు ఇందుకోసం మధ్యప్రాచ్యం వారికి వేరే ప్రతి అమ్మేవారు. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి మామూలు ప్రతిలోనే ఆ సదుపాయం పెట్టారు. అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోటికి వెళ్లి దాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. పాత ప్రతి వాడేవాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు. డబ్బు పెట్టలేనివారికి గింప్ ఉంది. అది ఉచితం, కుడి నుంచి రాయడం దానికీ వచ్చు. ఫాంటు కూడా చూసుకోవాలి. అరబీకే చేసిన ఫాంట్లలో మన టే, డాల్, డే అక్షరాలు ఉండకపోవచ్చు. నోటో నస్తాలీఖ్ ఉర్దూ వంటిది పెట్టుకుంటే మన కాతిబుల చేతిరాత పోలిక వస్తుంది.

పరీక్షించడంలోనూ ఒక చిక్కుంది. కొందరు "ఉర్దూ" అన్న మాటే కొట్టి, బాగానే వచ్చిందంటారు. అలిఫ్, రే, దాల్, వావ్ - ఈ నాలుగూ తమ తర్వాతి అక్షరంతో కలిసేవి కావు. అందుచేత కలపడం రాని సాఫ్ట్‌వేర్ కూడా ఆ మాట దగ్గర దొరకదు. "మక్తబ్" అని కొట్టి చూడండి. మీమ్, కాఫ్, తే, బే నాలుగూ గొలుసులా కలిస్తేనే మీ కంప్యూటర్‌కు ఉర్దూ వచ్చినట్లు.

ఇక తెలుగులో ఎందుకు మాట్లాడానో చెబుతాను. "స్త్రీ" అని కొడితే వత్తులు విడిపోయి రావడం మీరూ చూసే ఉంటారు. ఫోటోషాప్ తర్వాతి ప్రతుల్లో ఆ సదుపాయం పేరే "మధ్యప్రాచ్యం, దక్షిణాసియా" అని మారింది. ఉర్దూను కలిపే మీటే తెలుగు వత్తునూ కలుపుతుంది. ఇద్దరి జబ్బుకూ మందు ఒకటే!

రెండో కారణం చెప్పడానికి మనసు ఒప్పుకోదు, అయినా చెప్పాలి. ఉర్దూలో చెబితే మన పిల్లల్లో సగం మందికి అర్థమవుతుంది, కానీ ఈ సంచికలో ఉర్దూలో అచ్చువేస్తే చదవలేరు. సాఫ్ట్‌వేర్ లోపం ఒక మీట నొక్కితే పోతుంది. చదివే కన్ను లేకపోతే ఏ మీట నొక్కుతాం?

అందుకే నా మనవి ఒక్కటే. ఇకమీదట మన సంఘం నుంచి ఏ ఆహ్వానపత్రిక, ఏ బ్యానర్ వెళ్లినా, ఉర్దూ చదవగలిగిన ఒకరు డిజైనర్ పక్కన కూర్చుని, చదివి, సంతకం పెట్టాకే అచ్చుకు పంపుదాం. ఆ కూర్చునేది మన ఇంటి అమ్మాయో అబ్బాయో అయితే ఇంకా సంతోషం. నేర్పడానికి సాయంత్రం పూట నేను సిద్ధం.

ఖుదా హాఫిజ్.