తోటను కాచు పని

(శతవార్షికోత్సవములలో భాగముగా మంగళగిరిలో చేసిన ప్రసంగము)



భూసంరక్షణ, క్రైస్తవుని బాధ్యత అను అంశమును గూర్చి మాట్లాడుమని మమ్మును కోరినారు. ఇట్టి అంశము ఇచ్చినప్పుడు ధ్రువములవద్ద కరుగుచున్న మంచుతో ఆరంభించుట ఆనవాయితీ. అది కరుగుచున్న మాట నిజమే. కాని ఈ సభలో ఆ మంచును చూచినవారు ఎవరును ఉండరు. బుడమేరును చూడనివారును ఉండరు. కనుక అక్కడనుండియే మొదలుపెట్టెదము.

2024 సెప్టెంబరు 1వ తేది ఆదివారము. ఆ తేదీకి ఒక విశేషమున్నది. 1989లో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మొదటి దిమిత్రియొస్ గారు సెప్టెంబరు 1ని సృష్టికొరకు ప్రార్థించు దినముగా నియమించినారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు కతోలిక సంఘమునకును అదే దినమును నిర్ణయించినారు. ప్రొటెస్టంటు సంఘములును అనేకము ఆ దినమునుండి అక్టోబరు 4 వరకు సృష్టి కాలముగా ఆచరించుచున్నవి. మాకును ఈ సంగతి ఆలస్యముగానే తెలిసినది. లోకములోని సంఘములు సృష్టికొరకు మోకరించిన ఆ ఆదివారముననే బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ పేటలను ముంచినది. బైబిలు పట్టుకొని గుడికి బయలుదేరవలసినవారు బియ్యపు డబ్బా నెత్తిన పెట్టుకొని మేడలెక్కినారు. సొంత మేడ లేనివారు పొరుగువారి మేడ ఎక్కినారు.

బుడమేరు మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు చిన్న ఏరు. వేసవిలో చూచినచో దానిని ఏరు అనుటకు నోరు రాదు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కొంత నీటిని మళ్లింపు కాలువద్వారా కృష్ణలోనికి పంపు ఏర్పాటు చేసినారు. అయితే కృష్ణయే నిండి ఉన్న దినమున ఆ కాలువ ఏమి చేయగలదు? సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దిగువకు పోయినవి. 1957లో బ్యారేజి పూర్తియైనది మొదలు అంత నీరు ఎన్నడును పోలేదు. మళ్లింపు కాలువ కట్టలకు గండ్లు పడినవి. ఏటి పాతదారి పొడవునా ఇండ్లు ఉన్నవి. ఆ చివర కొల్లేరు సహా చేపల చెరువులతో ఇరుకైపోయినది.

ఇది దేవుని కోపమని ఆ దినములలో కొందరు అన్నారు. మేము ఒప్పుకొనలేదు, ఇప్పుడును ఒప్పుకొనము. దేవుని కోపమే అయినచో అది పల్లము పూడ్చి ప్లాట్లుగా అమ్మినవారిని విడిచి, రిక్షా తొక్కువాని ఇంటిమీద పడుట ఏమి న్యాయము? కాలువ కట్టమీద గుడిసె వేసికొన్నవారిని ఆక్రమణదారులనుట సులభము. వారిలో మన సంఘ సభ్యులును ఉన్నారు. వేరొక చోటు దొరకకయే వారు అక్కడికి వెళ్లినారు.

ఒక్క వరదను చూపి భూతాపమే కారణమని తేల్చరాదు. శాస్త్రజ్ఞులు ఈ విషయములో మనకంటె జాగ్రత్తగా మాట్లాడుదురు. అయినను వారు చెప్పు లెక్క సామాన్యమైనదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు ఏడు శాతము తేమను అదనముగా పట్టగలదు. కనుక వాన పడునప్పుడు కుండపోతగా పడును. పరిశ్రమల యుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉండిన బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 పాళ్లు దాటినది. ఆ బొగ్గు ఎక్కడో పరదేశములో మాత్రమే కాలుటలేదు. ఏటి ఆవలి ఒడ్డున ఇబ్రహీంపట్నములో 1979నుండి కాలుచున్నది. మన గుడులలో పంకాలు తిరుగుచున్నది అట్టి కేంద్రముల కరెంటుతోనే. ఇప్పుడు మా ముందున్న మైకును అందులోనిదే. కాబట్టి ఇతరులవైపు వ్రేలు చూపుటకు మేము నిలువలేదు.

పెద్దలకు 1977 నవంబరు 19 జ్ఞాపకముండును. దివిసీమలో సముద్రము ఊళ్లమీదికి వచ్చి సుమారు పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. సంఘముల సహాయక సంస్థలు బియ్యము, దుప్పట్లు పంచినవి, ఇండ్లు కట్టినవి. 1990 మే నెలలో అదే కృష్ణా ముఖద్వారము దగ్గర మరియొక పెద్ద తుపాను తీరము దాటినది. ఆసారి చనిపోయినవారు వెయ్యిమంది లోపు. అదియు తక్కువ దుఃఖము కాదు. కాని పదివేలు వెయ్యిలోపుకు దిగుటకు తుపాను దయ కారణము కాదు. ముందుగా హెచ్చరిక చేసినారు, జనులను తరలించినారు, నిలువ నీడగా తుపాను షెల్టర్లు ఉన్నవి. వరద తరువాత పులిహోర పొట్లములు కట్టుటలో మన సంఘములు ఎవరికిని తీసిపోవు. వరదకు ముందు చేయవలసిన పనిలోనే మనము వెనుకబడినాము.

ఆదికాండము మొదటి అధ్యాయములో మానవునికి సృష్టిమీద ఏలుబడి ఇయ్యబడినదని మనకు కంఠస్థము. రెండవ అధ్యాయములో దేవుడు నరుని తోటలో ఉంచి, దానిని సేద్యము చేయు పనితోపాటు కాచు పనియు అప్పగించినాడు. ఈ రెండవ మాటమీద ఎన్ని ప్రసంగములు విన్నామో లెక్కించుకొనిన చేతి వ్రేళ్లు ఎక్కువగును. చేనికి కావలి ఉండుట అనగా ఏమో ఈ డెల్టావారికి వివరింపనక్కరలేదు. కావలివానికి మంచె ఉండును, కేక ఉండును, రాత్రి నిద్ర ఉండదు. చేను మాత్రము వానిది కాదు.

లేవీయకాండము 25వ అధ్యాయములో ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇయ్యవలెనని ఉన్నది. ఆ విశ్రాంతి ఇయ్యనందున, ప్రజలు చెరలోనికి పోయిన డెబ్బది ఏండ్లును భూమి తన బాకీ తీర్చుకొన్నట్లు దినవృత్తాంతముల రెండవ గ్రంథము చెప్పుచున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన తరువాత కూడ మన రైతులు ఒక మర్యాద పాటించినారు. సార్వా వరి కోతకు ముందే నిలువు చేలో మినుములు చల్లెడివారు. వరి కోసినతరువాత, చేలోని తడికే మినుము పెరిగెడిది. దాని వేళ్లు నత్రజనిని భూమికి చేర్చెడివి. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు నేల నెఱ్ఱెలిచ్చి ఎండెడిది, పశువులు తిరిగెడివి. సబ్బాతు అను మాట ఎరుగని రైతుకును ఆ పద్ధతి తెలియును. దాళ్వా వరి, రసాయనిక ఎరువులు విరివిగా వచ్చినతరువాత ఆ విశ్రాంతి తగ్గినది. రైతును తప్పుపట్టుటలేదు; కౌలు కట్టవలసినవాడు నేలను ఖాళీగా ఎట్లుంచును? అయితే భూములున్న సంఘములు కౌలు తగ్గించి, మినుము వేయు కౌలుదారుని ప్రోత్సహించవచ్చును.

ఇప్పుడు మన ఇంటి సంగతి. శతవార్షికోత్సవ జ్ఞాపకార్థము మా సంఘపు ఆవరణమును రెండడుగులు మెరక చేసి, యావత్తు సిమెంటు చేయించవలెనని, హాలుకొరకు రెండు వేపచెట్లు, ఒక నిద్రగన్నేరు తీయించవలెనని ప్రతిపాదన వచ్చినది. బురద లేకుండ ఉండునని, పెండ్లిండ్లకు బాగుండునని చెప్పినవారి మాటలో సబబు లేకపోలేదు. మేమును మొదట చేయి ఎత్తినవారమే.

తరువాత వెనుక వీధికి వెళ్లి చూచినాము. అది నేతగాండ్ర వీధి. మంగళగిరి చీర పేరు దేశమంతట ఎరిగినదే గాని, నేయువాడు కాళ్లు గుంటలో పెట్టుకొని కూర్చుండునని చాలమంది ఎరుగరు. వాన ఎక్కువైనచో మగ్గపు గుంటలో నీరు ఊరును. ఆ దినమునకు నేత లేదు, కూలి లేదు. ఇప్పుడు మన ఆవరణములోని మట్టి పీల్చుకొను నీరంతయు, మెరక చేసి సిమెంటు పోసినచో పల్లమున ఉన్న ఆ గుంటలకు పోవును. మెరకకు కావలసిన గ్రావెలు ఏదో ఒక కొండను త్రవ్వియే తేవలెను. నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చెప్పిన కథ మనము బాల్యమునుండి విన్నదే. ఆ కథలో దొంగలు వేరు, దాటిపోయినవారు వేరు. ఇచ్చట మనము రెండు పాత్రలును ధరించువారమగుదుము.

హాలు వద్దని మేము అనలేదు. చెట్లు వదలి ఒక ప్రక్కకు కట్టవచ్చును. నడచు దారిమట్టుకు రాయి పరచి, మిగిలినది మన్నుగా ఉంచవచ్చును. పాడుపడిన బావిని పూడ్చుటకు బదులు పూడిక తీసి, కప్పుమీది వాననీటిని వడగట్టి అందులోనికి మళ్లించవచ్చును. ఖర్చు లెక్క వేయించినాము. సిమెంటుకంటె ఎక్కువ కాలేదు.

ప్రతిపాదన వచ్చే నెల కమిటీ ముందుకు రానున్నది. చేయి ఎత్తుటకు ముందు సభ్యులు ఒక వాన దినమున మాతో ఆ వెనుక వీధికి రావలెనని మనవి. గొడుగులు మేము తెచ్చెదము.