అందరికీ ఒకే దారి
(ఎర్రగడ్డలో సంఘ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట చూచేది ఒక్కటే: పాలకు ధర కట్టినది వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసా, పోసినవారి ముఖం చూసా? ఇంటర్నెట్‌కూ ఇదే న్యాయం.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి మన రెండు రాష్ట్రాలతో సహా ఆరు రాష్ట్రాలలో ఒక పథకం పెట్టాయి. ఎంపికచేసిన కొన్ని వెబ్‌సైట్లు ఉచితం, తక్కినవాటికి డబ్బు. పేదలకు మేలే కదా అన్నవారున్నారు. కాని జాబితాలో చోటు దొరకని చిన్న సంఘం మాట రైతుకు చేరేదెలా?

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇట్టి ధరల తేడాను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా.

కనుక ఎవరైనా ‘ఉచితం’ అంటే, ఏది ఉచితం, ఏది కాదు, ఎంచినదెవరు అని అడగవలసిందిగా మనవి చేస్తున్నాము.