గేరు పడని సైకిలు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



మన పిల్లలలో పలువురు నేడు గేర్ల సైకిళ్ళపై బడికి వచ్చుచున్నారు. నిరుడు మా మనుమడు "తాతా, గేరు పడుటలేదు" అనగా, నేను స్క్రూడ్రైవరు చేతబట్టి కంటికగపడిన మరలనెల్ల త్రిప్పితిని. మరునాడు చైను పెద్ద పళ్ళచక్రమును దాటి స్పోకులలో చిక్కుకొని, వెనుకచక్రము బిగిసిపోయెను. బాలుడు మెల్లగా పోవుచుండుటచే మోకాలు గీచుకొనుటతో బయటపడెను. తప్పు సైకిలుది కాదు, నాది. ఆనాడు నేర్చుకొన్నదానినే మీకు మనవి చేయుచున్నాను.

చైనును ఒక పళ్ళచక్రమునుండి మరియొకదానికి జరుపు సాధనమును డిరైలరు అందురు. వెనుకచక్రమునొద్ద దీనిని తీగ లోనికి లాగును. తీగ వదలినపుడు స్ప్రింగు వెలుపలికి జరుపును. మీట ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క చక్రము మారు పద్ధతి, 1984లో జపానుదేశపు షిమానో సంస్థ డ్యూరా-ఏస్ గేర్లలో ప్రవేశపెట్టిన పిమ్మట విశేషముగా వ్యాపించినది. ఇందు తీగ బిగువు కొంచెము మారినను గేరు తడబడును. కావున పరీక్ష క్రమముగా సాగవలెను.

మొదట చైనును తుడిచి కొద్దిగా నూనె వేయుడు. క్రొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగా 12 అంగుళములు. అంతకంటె అంగుళములో పదునారవ వంతు మించి సాగినచో చైను మార్చవలెను.

రెండవది, సైకిలు వెనుక నిలిచి చూడుడు. డిరైలరు పళ్ళచక్రముల క్రింద నిట్టనిలువుగా నుండవలెను. సైకిలు కుడిప్రక్కకు పడినచో అది లోనికి వంగును. దానిని సరిచేయుట పనివాని వంతు.

మూడవది తీగ. ఒకరు వెనుకచక్రము పైకెత్తి పట్టగా, మరియొకరు పెడలు చేత త్రిప్పుచు గేర్లు మార్చవలెను. చైను పెద్ద చక్రమునకు ఎక్కుటకు మొరాయించినచో తీగ వదులైనదని అర్థము. తీగ డిరైలరులో ప్రవేశించుచోటనున్న చిన్న బిరడాను, వెనుకనుండి చూచుచు, గడియారపు ముల్లునకు ఎదురుగా పావుచుట్టు త్రిప్పి మరల పరీక్షింపుడు. చిన్న చక్రమునకు దిగుటకు మొరాయించినచో ముల్లు తిరుగు దిక్కుననే పావుచుట్టు త్రిప్పుడు. అప్పటికిని దిగనిచో గొట్టములో తుప్పు చేరియుండవచ్చును. తీగను, గొట్టమును మార్పింపుడు.

ఇక హెచ్, ఎల్ అను అక్షరములుగల రెండు మరలు చైను ఇరువైపుల దాటిపోకుండ కాచు ఎల్లలు. నావలె వానిని ఊరక ముట్టకుడు. చైను దాటిపడుచున్నచో బాలుని సైకిలు ఎక్కనీయక పనివానికి చూపుడు.

నిలిచియున్న సైకిలుపై మీట నొక్కరాదనియు, ఎత్తు రాకమునుపే గేరు మార్చుకొనవలెననియు పిల్లలకు చెప్పుడు. ఈ పని చేయునపుడు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. రెండు మూడు భాషల నడుమ పెరుగు మన బిడ్డలకు మర, తీగ, బిగువు, వదులు అను తెలుగు మాటలు ఆ అరగంటలో చేతికి అందును. కారణమరయక మర త్రిప్పరాదను బుద్ధియు వానితోపాటే అబ్బును.