ఆలోచనలో, ఉద్వేగంలో చిన్నమెదడు పాత్ర

తల వెనుక, పెద్దమెదడు కింద ఒదిగి ఉండే చిన్నమెదడు బరువు మొత్తం మెదడులో పదో వంతు. న్యూరాన్ల లెక్కకు వస్తే మాత్రం, మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్లలో 6,900 కోట్లు ఇక్కడే ఉన్నాయి. ఇంత సంపత్తీ నడక, నిలకడల కోసమేనని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. నమ్మడానికి కారణాలూ బలమైనవే. 1824 నాటి ఫ్లూరెన్స్ ప్రయోగాల్లో చిన్నమెదడు తీసేసిన జంతువుల కదలికల్లో పొందిక చెడింది, తెలివి నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో తూటాలు తగిలిన సైనికుల్లో వైద్యుడు గోర్డన్ హోమ్స్ గమనించినదీ ప్రధానంగా తూలే నడక, గురి తప్పే చేయి, తడబడే మాట.

1994లో మిడిల్‌టన్, స్ట్రిక్ కోతులపై చేసిన పరిశోధనలో, చిన్నమెదడు నుంచి బయలుదేరే దారులు థాలమస్ మీదుగా పెద్దమెదడు ముందుభాగంలోని ఆలోచనా కేంద్రాలకూ చేరుతున్నాయని తేలింది. నాలుగేళ్లకు ష్మామన్, షెర్మన్ 20 మంది రోగుల వివరాలు ప్రచురించారు. చిన్నమెదడు దెబ్బతిన్న వారిలో పథకం వేసుకోవడం, మాటలు వెతుక్కోవడం, దిక్కూ స్థలమూ పోల్చుకోవడం మందగించాయి. కొందరు ముభావంగా మారారు, కొందరు సమయం సందర్భం లేకుండా చిన్నపిల్లల్లా ప్రవర్తించారు. వెనుక తమ్మె దెబ్బతింటే ఈ లక్షణాలు ప్రబలంగా కనిపించాయి. ఉద్వేగాల్లో మార్పుకు నడిమి భాగమైన వర్మిస్‌తో సంబంధం ఉంది. ముందు తమ్మెకే పరిమితమైన దెబ్బ బుద్ధిని పెద్దగా తాకలేదు.

చిన్నమెదడు ప్రాంతంలో గడ్డ తీయించుకున్న కొందరు పిల్లల్లో ఈ మార్పు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ తర్వాత మొదట మాట్లాడిన పిల్లవాడు ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా మూగబోతాడు. ఊరడించినా ఊరుకోకుండా ఏడుస్తాడు. వారాలకో నెలలకో మాట తిరిగి వస్తుంది. దాన్ని మొండితనమనుకోవడం బిడ్డకు అన్యాయం.

అయితే ఆలోచనలోనూ చిన్నమెదడుకు పాత్ర ఉందన్న వాదంపై అభ్యంతరాలను కొట్టిపారేయకూడదు. చేయి వణికే మనిషి బొమ్మ సరిగా గీయలేకపోతే లోపం ఆలోచనదా, చేతిదా? జబ్బు తెచ్చిన దిగులును వ్యాధి లక్షణంగా లెక్కించవచ్చా? కదలిక అవసరంలేని పరీక్షల్లోనూ తేడా కనిపించినప్పుడే వాదం నిలుస్తుంది. అలాంటి ఆధారాలు ఇప్పుడు తగినన్ని ఉన్నాయి.

చిన్నమెదడును దెబ్బతీసే జబ్బుల్లో కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. ఇలాంటి జబ్బుల జన్యుపరీక్షలకు హైదరాబాద్ ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి. సంస్థ పేరొందింది. భారతీయ కుటుంబాల్లో తరచు కనిపించే ఎస్.సి.ఎ.2 అలాంటి జబ్బే. చూపు ఒక వస్తువు మీంచి మరొకదాని మీదకు మళ్లడంలో మాంద్యం దీని ఆనవాలు. 1971లో బొంబాయి వైద్యులు వాడియా, స్వామి ఈ లక్షణాన్ని వర్ణించారు. జన్యువులో ఎక్కువమందికి 22 సార్లు ఉండే సి.ఎ.జి. అనే అక్షరాల వరుస 33కు లేదా అంతకు మించి పెరగడమే ఈ జబ్బుకు మూలం.

జన్యువు ఏదో రక్తం చెబుతుంది, మనసు సంగతి మనిషిని అడగాలి. వైద్యుడు ముక్కును వేలితో తాకించి ఊరుకోకుండా, నిమిషంలో 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పమనాలి: పలక, పందిరి, పాలు... తర్వాత ఒక కూరగాయ, ఒక వృత్తి మార్చి మార్చి చెప్పించాలి: బెండకాయ, కుమ్మరి, కాకరకాయ, వడ్రంగి. బడి మెట్లెక్కని వారికి అక్షరంతో పని పెట్టడం తగదు. వారికి కూరగాయల పేర్లే సరైన ప్రశ్న. ఇంగ్లీషులో పుట్టిన కొలతలను అలాగే దించుకోకుండా, వయసునూ చదువునూ బట్టి ఆరోగ్యవంతులైన తెలుగువారు ఎన్ని మాటలు చెప్పగలరో ముందు తేల్చుకోవాలి. ఇంట్లోవారినీ విడిగా కూర్చోబెట్టి, మనిషి స్వభావం ఎప్పటినుంచి మారిందో అడగాలి.