గండం ఖర్చు ఎవరి ఖాతాలో?



మాస్టారు మాకు చెప్పింది వాణిజ్యశాస్త్రం. ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ఒకే ప్రశ్నకు వచ్చేవారు: ఈ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? ఓడదారుల్లో అలజడి రేగితే చమురు ధర మండుతుందని మనం పేపర్లలో చదువుతుంటాం. కొన్నిసార్లు నిజంగానే మండుతుంది. కొన్నిసార్లు సముద్రంలో ఓడలు తగలబడుతూనే ఉంటాయి, ధర మాత్రం జారిపోతుంది. ఈ తేడా ఎక్కడిదో మాస్టారి ప్రశ్న పట్టుకునే వెతుకుతాను.

1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశారు. అక్టోబరు చివర యుద్ధం మొదలై బ్రిటన్, ఫ్రాన్స్ అందులో దిగాక ఈజిప్టు తన కాలువలో తానే ఓడలు ముంచి దారి మూసేసింది. సిరియాలో ఇరాక్ పైపులైను పంపింగు స్టేషన్లను పేల్చేశారు. డిసెంబరుకల్లా బ్రిటన్‌లో పెట్రోలు రేషనుకెక్కింది. అమెరికా బావుల్లో తీయకుండా అట్టేపెట్టిన చమురు ఉండబట్టి ఐరోపా ఆ చలికాలం గట్టెక్కింది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మాత్రం ఊరికే ఇవ్వలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు వెనక్కి మళ్లుతాయని తేలాకే ఇచ్చారు.

1967 జూన్‌లో కాలువ మళ్లీ మూతపడింది, ఈసారి ఎనిమిదేళ్లు. గల్ఫ్ చమురు ఆఫ్రికాను చుట్టి ఐరోపా చేరాలి. దూరం పెరిగితే ట్యాంకరు ఏడాదిలో తిరిగే ట్రిప్పులు తగ్గుతాయి. అంటే ఒక్క ఓడ కూడా మునగకుండానే ఓడలకు కరువొస్తుంది. జపాను షిప్‌యార్డుల్లో రెండు లక్షలు, మూడు లక్షల టన్నుల ట్యాంకర్లు వరసగా తయారైంది ఆ రోజుల్లోనే.

ఆ పరిస్థితిలో, 1970 మేలో, సిరియాలో ఒక బుల్డోజరు టాప్‌లైన్‌ను దెబ్బతీసింది. సౌదీ చమురును మధ్యధరా తీరానికి చేర్చే గొట్టం అది. సిరియా నెలల తరబడి మరమ్మతు చేయనివ్వలేదు. గొట్టంలో పోవాల్సిన చమురూ ఓడలెక్కాల్సి వచ్చేసరికి ట్యాంకర్ల కిరాయిలు ఆకాశాన్నంటాయి. అప్పుడు అందరి కళ్లూ లిబియా మీద పడ్డాయి. అది సూయజ్‌కు ఇవతల, ఐరోపాకు ఎదురుగా ఉన్న దేశం. అక్కడ గడాఫీ గద్దెనెక్కి ఏడాదైనా కాలేదు. ఆ ప్రభుత్వం ఉత్పత్తికి కోతలు పెట్టి, కంపెనీలను ఒక్కొక్కటిగా బేరానికి పిలిచింది. ప్రధానంగా లిబియా చమురు మీదే బతుకుతున్న ఆక్సిడెంటల్ సెప్టెంబరులో ముందుగా దిగొచ్చి బ్యారెల్‌కు 30 సెంట్లు పెంచింది. మిగతావాళ్లకూ తప్పలేదు. 30 సెంట్లేనా అని నవ్వొచ్చు. కానీ అంతవరకూ ధర చెప్పింది కంపెనీలు, అక్కణ్ణుంచి దేశాలు చెప్పడం మొదలైంది. 1973 చమురు సంక్షోభానికి తలుపు తీసింది ఆ బుల్డోజరే అంటాను. కాస్త అతిశయోక్తే, అయినా ఆ మాట వెనక్కి తీసుకోను. అక్కడ గండం ఖర్చు కొన్నవాడి ఖాతాలో పడింది.

ఇప్పుడు దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో 1984 నుంచి ట్యాంకర్ల వేట మొదలైంది. 1988 ఆగస్టులో కాల్పులు ఆగేదాకా 400కు పైగా వాణిజ్య నౌకలు దెబ్బతిన్నాయి, వందలమంది నావికులు పోయారు. 1987 జులైలో అమెరికా జెండాతో, యుద్ధనౌకల కాపలాలో వెళ్తున్న కువైట్ ట్యాంకరు బ్రిడ్జిటన్ మందుపాతరను తాకింది. ఆ తర్వాత కాపలా నౌకలే ట్యాంకరు వెనక చేరి నడిచాయి. పెద్ద ట్యాంకరు దెబ్బ తట్టుకుంటుంది, కాపలా నౌకలు తట్టుకోలేవు!

మరి ధర? 1985 చివర బ్యారెల్ 30 డాలర్లకు అటూఇటూ ఉన్నది 1986 నడిమికి 10 డాలర్ల దరిదాపులకు పడింది. ఉత్తర సముద్రం, అలాస్కా, మెక్సికోల చమురు అప్పటికే బజారులో ఉంది, వాడకం తగ్గింది, పైగా సౌదీ పంతం పట్టి ఉత్పత్తి పెంచింది. బీమా మాత్రం పెరిగింది. యుద్ధ ప్రమాదానికి బీమావాళ్లు వేరే ప్రీమియం కట్టించుకుంటారు, ఓడ విలువలో ఇంత శాతమని. ఇరాన్ చమురు ఎగుమతయ్యే ఖర్గ్ దీవికి ఓడ పంపాలంటే కొనేవాళ్లు జంకారు. దాంతో ఇరానే ధర తగ్గించి ఆ ప్రీమియం భారం మోసింది, సొంత ఏర్పాటుతో చమురును దక్షిణంగా సిర్రీ దీవికి, తర్వాత లారక్ దీవికి చేరవేసి అక్కడ అప్పజెప్పింది. సరుకు దండిగా ఉన్నప్పుడు గండం ఖర్చు అమ్మేవాడిదే. ఆ లారక్ దగ్గరే 1988 మేలో ఇరాక్ విమానాలు 458 మీటర్ల పొడవున్న సీవైజ్ జెయంట్‌ను కాల్చాయి. లోకంలోకెల్లా పెద్ద ఓడ అది. పేర్లు మార్చుకుంటూ మరో ఇరవై ఏళ్లు బతికి, చివరికి మన గుజరాత్‌లోని అలంగ్‌లో తుక్కయింది.

2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీల దాడులకు ఓడలు మళ్లీ ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, కిరాయిలు పెరిగాయి. బ్రెంట్ ముడిచమురు మాత్రం 2024 మొత్తంలో 100 డాలర్లు దాటలేదు. ఆ జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి నాఫ్తా ఓడ మార్లిన్ లువాండా మండుతుంటే, ఆర్పడానికి వెళ్లింది ఈ ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం. మండుతున్న ఆ ఓడలో 22 మంది మనదేశపు నావికులు ఉన్నారు.

ఇలాంటి గండాలకు ముందుజాగ్రత్తగా ఈ ఊళ్లోనే కొండరాతిని తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే వీలుంది. మంగళూరు, పాదూరు కలిపితే 53.3 లక్షల టన్నులు. 2019-20 వాడకాన్ని బట్టి ప్రభుత్వం వేసిన లెక్కలో దేశానికి తొమ్మిదిన్నర రోజుల గ్రాసం. 2020 ఏప్రిల్, మే నెలల్లో సగటున బ్యారెల్ 19 డాలర్లకు కొని వాటిని నింపారు. ఆ వార్త చూసి సంబరంగా మాస్టారికి ఫోను చేశాను. అంతా విని, "బాగుందోయ్. రాయి కింద పెట్టింది సరుకా, బీమా ప్రీమియమా? పద్దు ఎటు రాస్తావు?" అన్నారు.