ప్లగ్-ఇన్ హైబ్రిడ్డు కారులు – మన పంచవృత్తులవారు

(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు ఆటోనగరు సభ్యుడొకరు గావించిన యుపన్యాసము)



కులసంఘ మహాసభలో మోటారుకారును గూర్చి యుపన్యాసమేమి యని కొందఱు ముక్కుపై వ్రేలిడుకొనవచ్చును. విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నాకు ముందు మాటలాడినవారు చక్కగా సెలవిచ్చియున్నారు. నాకు నియమింపబడిన విషయము వేఱు. మనవారిలో బంగారపు వర్తకమువలనను, గుత్తపనులవలనను నాలుగు రూకలు గడించినవారు కొందఱు మిక్కిలి వెలగల కారులను గొనుచున్నారు. ఆటోనగరులో మనవారనేకులు లారీలను, కారులను బాగుచేసి కుటుంబములను బోషించుకొనుచున్నారు. ఒకే కులమున కొనువాడును గలడు, బాగుచేయువాడును గలడు. ఈ యిరువురి నడుమ నిప్పుడు ప్లగ్-ఇన్ హైబ్రిడ్డు అను క్రొత్తబండి వచ్చి నిలిచినది. కొన్నవానికి దానిని బోషించు విధము తెలియకున్న ధనము వ్యర్థము. బాగుచేయువానికి దాని లోపలి సంగతి తెలియకున్న ప్రాణమునకే ముప్పు. కావున నీ రెంటిని గూర్చియు మనవి చేసెదను.

మొదట పేరులలోని గందరగోళమును దీర్చికొందము. కేవలము బ్యాటరీతో నడచు కారు ఒకటి; దానిలో ఇంజినే లేదు. పెట్రోలు ఇంజినుతోపాటు చిన్న బ్యాటరీని, మోటారును గలిగి, తన బ్యాటరీని తానే నింపుకొనునది రెండవది. 2022 సంవత్సరము చివర మన దేశమున వెలువడిన టొయోటా ఇన్నోవా హైక్రాసులోని హైబ్రిడ్డు రకము ఈ తెగలోనిది. దానికి ప్లగ్గు లేదు, గోడనుండి చార్జింగు లేదు. మూడవది ప్లగ్-ఇన్ హైబ్రిడ్డు. దీనిలో ఇంజినును గలదు, గోడకు దగిలించి నింపవలసిన పెద్ద బ్యాటరీయును గలదు. బ్యాటరీ నిండియున్నంతవఱకు చప్పుడు లేక, పొగ లేక పోవును. అది తరిగిన పిమ్మట ఇంజిను అందుకొనును.

మన దేశమున నీ తెగ ఎస్.యు.వి. కారులు సామాన్యులకొఱకు రాలేదు. ధనికుల వాకిళ్లకే వచ్చినవి. వోల్వో కంపెనీవారి ఎక్స్‌సి90 టి8 అను కారు 2016లో వచ్చినది. 2019 మొదలు బెంగుళూరు చేరువనే కూర్పబడినది. బి.ఎం.డబ్ల్యు. వారి ఎక్స్‌ఎం 2022 డిసెంబరులో 2 కోట్ల 60 లక్షల రూపాయల వెలతో వచ్చెను. లంబోర్గినీ వారి ఉరుస్ ఎస్ఇ 2024లో 4 కోట్ల 57 లక్షలకు వచ్చెను. ఇవి షోరూము ధరలు మాత్రమే. పన్నులును, భీమాయును, వీనిపై నింకను గలవు.

ఇక పన్నుల మాట. బ్యాటరీ బండి యనగానే 5 శాతము జి.ఎస్.టి. యని మనవారనుకొందురు. అది కేవల బ్యాటరీ కారులకే. ఈ పెద్ద ప్లగ్-ఇన్ కారులపై 28 శాతము జి.ఎస్.టి.యు, 15 శాతము సెస్సును గలిపి 43 శాతము విధింపబడుచుండెను. 2025 సెప్టెంబరు 22వ తేదీన సెస్సు పోయి 40 శాతమైనది. ఆకుపచ్చ నంబరు పలకయు దీనికి రాదు. కొనుటకు ముందీ సంగతి తెలిసికొనుట మేలు. కొన్న పిదప దెలిసిన చింతయే మిగులును.

ఈ బండిని గొన్నవారు చేయు ముఖ్యమైన లోపమొక్కటే: ప్లగ్గు పెట్టకపోవుట. ఇది మనవారికి మాత్రమే చెందిన జాడ్యము గాదు. ఐరోపా కమిషను 2024లో ప్రకటించిన నివేదికలో, 2021లో రిజిస్టరైన ప్లగ్-ఇన్ కారులు నిజముగా రోడ్డుపై విడిచిన బొగ్గుపులుసు గాలి, పరీక్షాశాలలో వ్రాసికొన్న లెక్కకు దాదాపు మూడున్నర రెట్లుండెనని తేలినది. చార్జింగు పెట్టవలసినంత తఱచుగా పెట్టకపోవుటయే దీనికి గొప్ప కారణము. చార్జింగు లేని ప్లగ్-ఇన్ కారన, ఖాళీ బ్యాటరీని వీపున మోయుచు పెట్రోలు త్రాగు బండి యన్నమాట. ఎక్స్‌ఎం బరువు 2,700 కిలోలకు పైబడినది. అంతటి గున్నయేనుగునకు పెట్రోలు మాత్రమే మేపినచో నెట్లుండునో మీరే యూహింపుడు.

మన కృష్ణామండలమున ప్లగ్గు పెట్టకపోవుట మఱింత విచారకరము. ఏలయన, దూరములు చిన్నవి. ఆటోనగరునుండి గన్నవరము విమానాశ్రయమునకు ఇరువది కిలోమీటర్లకు లోపే. గుంటూరు ముప్పదియైదు, గుడివాడ నలువదియైదు, బందరు డెబ్బది. ఎక్స్‌ఎం బ్యాటరీలో వాడుకకు వచ్చునది 25.7 యూనిట్లు, కంపెనీవారి లెక్క ప్రకారము 80 కిలోమీటర్లకు పైగా పోవును. ఎండకాలమున ఏసీ వేసికొని మన ట్రాఫికులో 60 వచ్చినను, రాత్రి నింపుకొన్న బ్యాటరీతో పగటి పనులన్నియు దీరును. బెంజిసర్కిలువద్ద నిలుచుచు కదలుచు పోవునపుడు ఇంజిను కారు పెట్రోలును వృథాగా దహించును. ఈ బండి నిలిచినపుడేమియు దినదు, వేగము తగ్గించునపుడు కొంత తిరిగి బ్యాటరీకి జేర్చుకొనును. ఇంద్రకీలాద్రి ఘాటురోడ్డు దిగునపుడును అంతే.

లెక్క చూతము. 25.7 యూనిట్లు నింపుటకు నష్టముతో గలిపి గోడనుండి 28 యూనిట్లు కావలయును. 2022-23 ధరలపట్టిక ప్రకారము నెలకు 400 యూనిట్లు దాటిన గృహవినియోగమునకు యూనిటు 9 రూపాయల 75 పైసలు. పెద్ద యిండ్లలో ఏసీలకే ఆ నాలుగువందలు దాటును గనుక, కారు త్రాగు ప్రతి యూనిటును ఆ పై ధరకే వచ్చును. అనగా ఒకసారి నింపుటకు 273 రూపాయలు. 2024, 2025 సంవత్సరములలో మన నగరమున లీటరు పెట్రోలు సుమారు 110 రూపాయలు. ఇంతటి బండి పట్టణములో లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు పోయిన గొప్ప. 60 కిలోమీటర్లకు పెట్రోలు ఎనిమిదివందలకు పైగా నగును. దినమునకు ఐదాఱువందలు మిగులును. రెండున్నర కోట్లు పోసినవానికి ఆఱువందలొక లెక్కయా యని మీరు నవ్వుదురు, నేనును నవ్వుదును. పొదుపుకొఱకు ఈ బండిని గొంటినని చెప్పువాని మాట నమ్మవలదు. ఇంటిముందు పిల్లలు పీల్చు గాలికొఱకని చెప్పిన నమ్మవచ్చును, అదియును ప్లగ్గు పెట్టినపుడే. పొగ బొత్తిగా మాయమగునని మాత్రము నేననను. ఇబ్రహీంపట్టణములోని నార్ల తాతారావు తాపవిద్యుత్కేంద్రము 1979 మొదలు బొగ్గునే కాల్చుచున్నది.

ఇప్పుడు ఇంటిలోని యేర్పాటు. ఇది మనవారి పని గనుక కొంచెము నిలిచి చెప్పుదును. కారుతో వచ్చు తీగను 15 ఆంపియర్ల సాకెట్టునకు దగిలింపవచ్చును. పది ఆంపియర్లు తీసికొన్నచో గంటకు 2.3 యూనిట్లు. ఎక్స్‌ఎం నిండుటకు పండ్రెండు గంటలు పట్టును, 9.2 యూనిట్ల బ్యాటరీ గల తొలినాటి టి8 నాలుగున్నర గంటలలో నిండును. గోడకు బిగించు 7.4 కిలోవాట్ల చార్జరైన ఎక్స్‌ఎం నాలుగుంబావు గంటలలో నిండును. బాటప్రక్కన గల డి.సి. వేగచార్జర్లకు ఈ బండి తగులుకొనదు. కావున ఇంటి చార్జింగే దీనికి తల్లిపాలు.

7.4 కిలోవాట్లన 32 ఆంపియర్లు. పాత యింటి తీగలు దానిని గంటలకొలది మోయజాలవు. మీటరునుండి చార్జరువఱకు వేఱుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగవలయును, దూరమెక్కువైన 10. మంజూరైన లోడు చాలనిచో విద్యుత్తు కార్యాలయమున నర్జీ పెట్టి పెంచుకొనవలయును. 30 మిల్లీ ఆంపియర్లకు దెగు ఆర్.సి.సి.బి. ఉండితీరవలయును, అదియు చార్జరు కంపెనీవారు చెప్పిన రకమే. అన్నిటికంటె ముఖ్యము ఎర్తు. ఎర్తు సరిగా లేనియెడల అనేక చార్జర్లు పనిచేయుటకు నిరాకరించును. అపుడు మనవారు చార్జరు చెడినదని కంపెనీవానిని దిట్టుదురు. చెడినది చార్జరు గాదు, పెరటిలోని గొట్టము. మన డెల్టాలో భూమి తడిగలది గనుక ఎర్తు చక్కగా కుదురును గాని, బందరు, అవనిగడ్డ ప్రాంతముల యుప్పునీరు ఇనుపగొట్టమును కొలది యేండ్లలో దినివేయును. అచట రాగిరేకు పాతుట మేలు. ఏటేట కొలిపించుట మఱింత మేలు. ఇనుము మనుబ్రహ్మదైనచో రాగి త్వష్టది యని మన పెద్దలు వృత్తులు పంచిపెట్టిరి. త్వష్ట వంశీయులకు నేడు కంచుపాత్రల బేరము తగ్గినది. రాగి పని మాత్రము ప్రతి యింటి గోడలోను బెరుగుచున్నది.

అపార్టుమెంటులలో నున్నవారికి వేఱు చిక్కు గలదు. ఇరుగుపొరుగువారు నిప్పు భయమున నడ్డుపెట్టుదురు. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖవారు 2018 మొదలు వెలువరించిన మార్గదర్శకసూత్రములు ఇండ్లలో సొంత చార్జింగునకు అనుమతి నిచ్చుచున్నవి. అయినను ఉత్తరువును జూపి పోరాడుటకంటె, తీగలు లైసెన్సుగల పనివానిచే వేయించి, నలుగురిని బిలిచి చూపుట మంచిది. పొడిగింపు తీగలు కిటికీలోనుండి వ్రేలాడదీయువానికి పొరుగువారు భయపడుట న్యాయమే.

ఇక వరదమాట. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతము నీట మునిగినది మనమెవరము మఱవలేదు. మఱునాడు ప్రకాశము బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయినది. ఎందఱి బండ్లో రోజులకొలది నీటిలో నిలిచినవి. ప్లగ్-ఇన్ కారు మునిగినచో దానిని స్టార్టు చేయరాదు, చార్జింగు పెట్టరాదు. బ్యాటరీ పెట్టె నీరు చొరకుండ మూయబడియున్నను, మునిగిన పిదప దానిని నమ్మరాదు. లోపల తడి చేరిన కొన్ని దినములకైనను నిప్పంటుకొనవచ్చును. ఇతర బండ్లకు, గోడలకు దూరముగా నుంచి, నాలుగు చక్రములను ఎత్తి మోయు వాహనముపై కంపెనీ వర్కుషాపునకు బంపవలయును. చార్జరును సెల్లారు నేలకు దగ్గఱగా బిగింపక, 2024 నాటి నీటి గుర్తుకంటె నెత్తుగా బిగింపవలయును. నీరు వచ్చుచున్నదని తెలియగానే దాని స్విచ్చి మెయినులోనే కట్టివేయవలయును. భీమాలో ఇంజిను రక్షణ యను అదనపు షరతు గలదో లేదో, బ్యాటరీకిని చార్జరునకును అది వర్తించునో లేదో, కాగితము చదివి చూచుకొనుడు.

నిత్యము చార్జింగుతోనే తిరుగువారికొక చిన్నమాట. టాంకులోని పెట్రోలు నెలలకొలది నిలువరాదు. ఇప్పటి పెట్రోలులో 20 శాతమువఱకు ఎథనాలు గలదు. అది తేమను బీల్చును. అప్పుడప్పుడు ఇంజినును నడుపుచుండుడు.

ఆటోనగరు సోదరులారా! ఇప్పుడు మీతో మాటలాడెదను. కమానుకట్టలు గట్టుట, లేతుపని, టింకరింగు, లారీ బాడీలకు కొయ్యపని – ఈ విద్యలను మనవారు తాతలనాటి కొలిమినుండియు, బాడిసెనుండియు దెచ్చి మోటారులకు నేర్పినారు. కంపెనీలే సిద్ధముగా క్యాబినులు చేసి పంపుచుండుటవలన కొయ్యపని కొంత సన్నగిల్లినది. సెల్ఫ్ డైనమో పనివారికి మాత్రము పని తగ్గలేదు. వారి చేయి 12 వోల్టులకు అలవాటుపడినది. తీగకొనను చాసిసునకు దాకించి నిప్పురవ్వ జూచి కరెంటు వచ్చుచున్నదని చెప్పుట వారి విద్య. ఈ బండిలో నారింజరంగు తొడుగుగల తీగలుండును. వానిలో 300 మొదలు 400 వోల్టులవఱకు ఏకముఖవిద్యుత్తు ప్రవహించును. అచట రవ్వ చూడబోయినవాడు మఱల చూడడు. వేయి వోల్టులకు దగిన చేతితొడుగులు లేక, సర్వీసు ప్లగ్గు తీయక, పుస్తకములో చెప్పినన్ని నిమిషములు వేచియుండక, మీటరుతో సున్న చూడక, ఆ తీగల దరిజేరరాదు. టింకరింగువారు వెల్డింగు పెట్టుటకు ముందును, పెయింటువారు వేడిగదిలో బెట్టుటకు ముందును కంపెనీ పుస్తకమును జూడవలయును. బ్యాటరీకి వేడి యొక హద్దువఱకే సహ్యము.

ఐనను భయపడి తొలగవలదు. ఈ బండి కదలకుండుటకు తఱచు కారణము పెద్ద బ్యాటరీ గాదు, మూలనున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చుటయే. ఆ పని మనదే. బ్రేకులు, సస్పెన్షను, టైర్లు, ఇంజిను – ఇవియు మనవే. ఇంతటి బరువునకు టైర్లు త్వరగా అరుగును. పెద్ద బ్యాటరీకి అనేక కంపెనీలు ఎనిమిదేండ్ల హామీ ఇచ్చుచున్నవి. దానిని విప్పి హామీని బోగొట్టుట ఎవరికిని లాభము గాదు. తొలినాటి కారుల హామీలు తీరు కాలమిది. ఆ బండ్లు మన గుమ్మములకు వచ్చును. అప్పటికి మన పిల్లలకు విద్య వచ్చియుండవలెను.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో 18 వృత్తులు గలవు. వడ్రంగము, కమ్మరము, స్వర్ణకారము, శిల్పము అందున్నవి. మోటారు పని లేదు. అది మనము విడిగా సంపాదించుకొనవలసినదే. ఐ.టి.ఐ.లలో విద్యుత్ వాహనముల మెకానికు పాఠక్రమము గలదు. కావున సభవారి యెదుట నొక తీర్మానము నుంచుచున్నాను. ఏటేట మన కులమునుండి పదిమంది బాలబాలికలను ఆ పాఠక్రమమునకు సంఘఖర్చుతో బంపవలయును. ఆటోనగరులో నొక గది తీసికొని, చేతితొడుగులు, మీటర్లు, తగిన పనిముట్లు సమకూర్చి, పనివారెవరైనను వచ్చి వాడుకొనునట్లు చేయవలయును. దీనికి ధనమెచటనుండి యందురా? కోటికి మించిన కారు కొను సంఘసభ్యుడు దాని వెలలో నూటికొక రూపాయి ఈ నిధికి జెల్లింపవలయునని ప్రతిపాదించుచున్నాను. ఎక్స్‌ఎం కొన్నవానికది 2 లక్షల 60 వేలు. బండికి పసుపుకుంకుమలు పెట్టించి, నిమ్మకాయలు తొక్కించునాడే రసీదు తీసికొనిన సంతోషింతుము.

ఈ తీర్మానమును బలపఱచుటకు ఆటోనగరు శాఖవారిని గోరుచు విరమించుచున్నాను.